తూము మర త్రిప్పుటలోని లెక్క



కట్ట ఎంత గట్టిదైనను తూము తలుపు కదలనిచో ఆయకట్టు ఎండును, లేదా మునుగును. హైదరాబాదున ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలమున కట్టిన హుస్సేన్ సాగరము నీరు ఒకప్పుడు సాగునకును త్రాగుటకును వచ్చెడిది. నేడు లోయర్ ట్యాంక్ బండ్ దిగువన చిక్కడపల్లి, అశోక్ నగర్, నారాయణగూడ పేటలు కలవు. మిగులు నీరు నాలా వెంట మూసీని చేరును. వరిచేనైన నేమి, వాకిలియైన నేమి, దిగువవారికి ఎగువ తలుపే రక్ష.

ఇంటి తలుపును అంచున త్రోసిన వ్రేలితో కదలును. బందు చెంత త్రోసిన భుజబలమును చాలదు. బలమును, ఇరుసునుండి దాని దూరమును హెచ్చింపగా వచ్చునది బలభ్రామకము. పిడికి అడ్డముగా త్రోసినప్పుడే ఈ లెక్క కుదురును. ఇరుసువైపునకే నెట్టినచో చెమటయే గాని మర తిరుగదు.

రెండడుగుల చదరపు తలుపు, దాని నడుమకు పైన పదియడుగుల నీరు, ఆవల పొడి అనుకొనుడు. ఘనపుటడుగు నీరు సుమారు 62½ పౌనులు గనుక తలుపుపై ఒత్తిడి 2,500 పౌనులు. రాపిడి అందు పదింట నాలుగు పాళ్లైనచో లేపుటకు 1,000 పౌనుల బలము కావలెను; తలుపు బరువు వేరు. ఒక మనిషి దానినెట్లు లేపును? పిడి 18 అంగుళములు, చుట్టునకు మర అర అంగుళము లేచునదైనచో, చేయి 113 అంగుళములు తిరుగును. అనగా 226 రెట్ల లాభము. మరలోని రాపిడికి నాలుగింట మూడు వంతులు పోయినను 18 పౌనుల త్రోపు చాలును. బలభ్రామకము 27 అడుగు-పౌనులు.

తలుపు బిగిసినప్పుడు పిడికి ఇనుపగొట్టము తొడుగుట పలుచోట్ల వాడుక. నాలుగున్నర అడుగుల గొట్టముపై 50 పౌనులు త్రోసిన 225 అగును, కావలసినదానికి ఎనిమిది రెట్లకు మించి! ఆ మిగులు బలము ఒండ్రును కదల్పదు, మరపండ్లను కోయును. మూయునప్పుడు మరింత హాని: తలుపు అడుగంటిన పిమ్మటను త్రిప్పినచో సన్నని కడ్డీ నడుమ వంగును. వంగిన కడ్డీ వరదనాడు పైకి రాదు.

రెండడుగులకు 48 చుట్లు. నీరటి వానిని లెక్కించి, మూతపడినచోట కడ్డీపై గాటు పెట్టవలెను. నడుమ బిగిసినచో అరచుట్టు వెనుకకు త్రిప్పి, చెత్తను గడకఱ్ఱతో తొలగించి మరల త్రిప్పవలెను. మరకు కొవ్వునూనె వేసవిలోనే, చెరువు ఎండినప్పుడే, పూయవలెను.