కెమెరా ఎవరి ఎత్తున నిలబడాలి?

(మెదక్ పట్టణంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నగరాల్లో ఏటేటా జరిగే డాక్యుమెంటరీ చిత్రోత్సవాల్లో పల్లె స్త్రీల జీవితాలు చూపిస్తుంటారు. ఆ స్త్రీలు తెర మీద ఉంటారు, హాల్లో ఉండరు. ప్రశ్నలడిగేదీ, జవాబులు చెప్పేదీ వేరేవాళ్లే.

ఈ పద్ధతిని తిరగేసినవాళ్లు మన పాత మెదక్ జిల్లాలోనే, ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో చేరిన జహీరాబాద్ ప్రాంతంలో ఉన్నారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు, బడి మొహం చూడనివాళ్లు సైతం, వీడియో కెమెరా పట్టడం నేర్చుకుని 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడ్డారు. వరంగల్ రైతుల బీటీ పత్తి నష్టాల్ని మూడేళ్లు వెంటాడి, 2005లో ఒక చిత్రం తెచ్చారు.

షాట్లకు వాళ్లు పెట్టుకున్న పేర్లు వినండి. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. కిందినుంచి పైకి చూసేది బానిస షాట్. కంటికి కన్ను సమంగా ఉండేది సంఘం షాట్. కెమెరా ఎత్తులో అధికారం ఉంటుందని ఇంత సూటిగా చెప్పిన పాఠ్యపుస్తకాన్ని నేను చదవలేదు.

చిత్రోత్సవాన్ని కూడా ఈ కొలతతోనే కొలవాలి. మనం అడగవలసినవి నాలుగు. చిత్రం తీసిన స్త్రీలు వేదిక మీద ఉండాలి. వాళ్ల దారి ఖర్చులూ, పోయిన కూలీ నిర్వాహకులు భరించాలి. చర్చ తెలుగులో జరగాలి. చిత్రాన్ని ముందుగా అందులో కనిపించినవాళ్లకు చూపాలి, వాళ్లు వద్దన్న దృశ్యం తీసేయాలి. హింసకు గురైన స్త్రీ ముఖం తెరకెక్కాక, ఆ ఊళ్లో బతకవలసింది ఆమే గదా!

ఈసారి ఉత్సవానికి మన చిత్రాలు అడిగితే, ఈ నాలుగింటికీ ఒప్పుకున్నాకే ఇద్దాం.