క్లచ్ కాలిన వాసన: తప్పు కాలిదా, బండిదా?

  ఈ వారం డ్రైవర్ల ముచ్చట.

తువాస్ వైపు ఒక సైట్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ నడిపే తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. పేరు, కంపెనీ చెప్పొద్దన్నాడు, చెప్పను. "అన్నా, పొద్దున బండి మంచిగనే ఉంటది. పది దాటినంక క్లచ్ కాలిన వాసన. ర్యాంపు ఎక్కుతుంటే ఇంజిన్ అరుస్తది, బండి లాగది. నువ్వే హాఫ్ క్లచ్‌ల నడిపి కాల్చినవ్, ఖర్చు నీ జీతంల కోస్తం అంటున్నడు సూపర్‌వైజర్. ఏం జెయ్యాలె?"

పొద్దున మంచిగనే ఉంటది. ఆ ఒక్క ముక్క దగ్గరే నేను ఆగిపోయాను. ఎందుకో తర్వాత చెబుతాను.

ముందు క్లచ్ సంగతి. ఇంజిన్‌తో తిరిగే ఫ్లైవీల్‌కీ, ప్రెషర్ ప్లేటుకీ మధ్య క్లచ్ ప్లేటు బిగిసి ఉంటుంది. గట్టిగా పట్టుకున్నంతసేపూ వేడి పుట్టదు. జారినప్పుడే పుడుతుంది. రెండు చేతులూ రుద్దుకుంటే వేడెక్కినట్టే. కాబట్టి వాసన వచ్చిందంటే ప్లేటు జారుతోంది అని అర్థం. ఎందుకు జారుతోంది అన్నదే అసలు ప్రశ్న.

అయితే అది క్లచ్ వాసనేనా అని ముందు చూసుకోండి. హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా వదలకపోయినా ఇలాంటి వాసనే వస్తుంది. బండి ఆపి, చక్రాన్ని ముట్టుకోకుండా, దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఒక చక్రం మిగతావాటి కంటే సెగ కొడుతుంటే గొడవ బ్రేకుది. వాసన బండి మధ్యలో, గేర్‌బాక్స్ కింద నుంచి వస్తుంటే క్లచ్‌ది.

ఇక మన కాలి తప్పులు. ఉంటాయి, దాచుకోవడం ఎందుకు? పెడల్ మీద కాలు ఆనించి నడపడం, ఎత్తు మీద బ్రేకు వేయకుండా హాఫ్ క్లచ్‌తో బండిని నిలబెట్టడం, బురదలో ఇరుక్కుంటే రేస్ ఇచ్చి ఊపడం. ఫోర్ వీల్ బండికి ఇంకో తిరకాసుంది. మామూలు బండి బురదలో చక్రాలు తిప్పేస్తుంది, క్లచ్ బతికిపోతుంది. ఫోర్ వీల్‌లో నాలుగు చక్రాలూ నేలను పట్టుకుంటాయి. చక్రం జారకపోతే క్లచ్చే జారాలి. అందుకే బరువుతో మెల్లగా ఎక్కాల్సిన చోట ఫోర్ హెచ్‌లో కాదు, ఫోర్ ఎల్‌లో వెయ్యండి. చాలా పికప్పుల్లో అది లాగే బలాన్ని సుమారు రెండున్నర రెట్లు చేస్తుంది, హాఫ్ క్లచ్ అవసరం తగ్గుతుంది. సైట్ దాటి తారురోడ్డు ఎక్కగానే టూ వీల్‌కి మార్చండి. పొడి రోడ్డు మీద ఫోర్ వీల్‌లో ఉంచి మలుపు తిప్పితే ముందు వెనక చక్రాలు ఒకదాన్నొకటి బిగబడతాయి, ఆ భారం కూడా క్లచ్ మీదే పడుతుంది.

ఇప్పుడు తమ్ముడి మాటకి వద్దాం. ప్లేటు అరిగిపోయి ఉంటే పొద్దున కూడా జారాలి కదా? చల్లగా ఉంటే పట్టి, వేడెక్కితే జారుతోందంటే నా అనుమానం క్లచ్ ఆయిల్ మీదకి పోయింది. పెడల్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు మాస్టర్ సిలిండర్‌లో ఒక చిన్న రంధ్రం తెరుచుకొని ఆయిల్ పై డబ్బాలోకి తిరిగి పోవాలి. పెడల్ రాడ్ మరీ బిగించేస్తే ఆ రంధ్రం మూసుకునే ఉంటుంది. వేడికి ఆయిల్ ఉబ్బుతుంది, పోయే దారి లేక క్లచ్‌ని తోస్తుంది. మీరు కాలు తీసినా ఎవరో సగం నొక్కి పట్టుకున్నట్టే!

తమ్ముడికి మూడు పనులు చెప్పాను. ఒకటి, పెడల్‌ని చేత్తో నొక్కి చూడు, మొదట కాస్త వదులు ఉండాలి. రెండు, సమంగా ఉన్న నేల మీద, ముందూ వెనకా మనిషి లేకుండా, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఫుట్ బ్రేక్ కూడా నొక్కి, నాలుగో గేర్‌లో క్లచ్ వదులు. ఇంజిన్ ఆగిపోతే ప్లేటు పట్టినట్టు, నడుస్తూనే ఉంటే జారినట్టు. పొద్దున ఒకసారి, వాసన వచ్చాక ఒకసారి, అంతే. ఎక్కువ చేస్తే నువ్వే కాలుస్తావు. మూడు, జారుతున్నప్పుడే ఇంజిన్ ఆపేసి, కింద స్లేవ్ సిలిండర్ బ్లీడింగ్ స్క్రూ కొంచెం వదలమని మెకానిక్‌కి చెప్పు. ఆయిల్ చిమ్మి, వెంటనే క్లచ్ పట్టిందంటే దొంగ దొరికినట్టే. గేర్‌బాక్స్ ముందు భాగం కింద ఇంజిన్ ఆయిల్ కారుతోందేమో కూడా చూడమన్నాను. సీల్ పోయి ప్లేటు మీద ఆయిల్ పడినా జారుతుంది, అదీ డ్రైవర్ తప్పు కాదు.

వాసన వస్తే మాత్రం మొండిగా నడపొద్దు. లోడు దింపి, బండి నీడన పెట్టి అరగంట వదిలేయండి. ఇంజిన్ ఆపేయండి, ఇక్కడ ఆగిన బండి ఇంజిన్ ఊరికే నడపడం చట్టప్రకారం తప్పు. నీళ్లు అస్సలు పోయొద్దు. వెనక మనుషులుంటే ఎత్తు ఎక్కించే ప్రయత్నమే వద్దు, ముందు వాళ్లని దింపండి.

జీతం సంగతి. సింగపూర్ ఎంప్లాయ్‌మెంట్ యాక్ట్ ప్రకారం నష్టానికి డబ్బు కోయాలంటే, ఆ నష్టం నేరుగా మీ నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి. కోసే ముందు మీ మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. కోసినా నెల జీతంలో 25 శాతం దాటకూడదు, అదీ ఒక్కసారే. అందుకే వాసన వచ్చిన మొదటి రోజే సూపర్‌వైజర్‌కి వాట్సాప్‌లో రాసి పెట్టండి, తేదీ దానంతటదే పడుతుంది. నోటితో చెప్పింది గాలికి పోతుంది. మాట వినకపోతే మైగ్రెంట్ వర్కర్స్ సెంటర్ ఉంది, మ్యాన్‌పవర్ మినిస్ట్రీ ఉంది.

నాలుగు రోజులకి తమ్ముడు వీడియో పంపాడు. పెడల్‌లో వదులు లేనే లేదు. స్క్రూ వదలగానే ఆయిల్ చిమ్మింది, క్లచ్ పట్టింది. అంతకు ముందు నెలలో పెడల్ రిపేర్ చేసినప్పుడు రాడ్ బిగించేశారట. సరిచేశారు. కానీ ప్లేటు అప్పటికే గాజులా మెరుస్తోంది, మార్చక తప్పలేదు. బిల్లు కంపెనీయే కట్టింది. కోత మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదన్నాడు.

మీ బండి గురించి అడగాలంటే వాయిస్ మెసేజ్ పెట్టండి. పొద్దున ఎలా ఉంది, వేడెక్కాక ఎలా ఉంది, రెండూ చెప్పండి. ఉంటాను మరి.