పాత కంప్యూటరుకు పుట్టుమచ్చలు



ఉక్కుపలకపై హీట్ నంబరు ఎందులకో బర్మామైన్స్ వారికి వేరుగ చెప్పనక్కరలేదు. చూపునకు సమానములైన రెండు పలకలు వేర్వేరు పోతలవి కావచ్చును. 1980 దశకమునాటి గృహ కంప్యూటర్ల మదర్‌బోర్డుల సంగతియు నిట్టిదే. ఖర్చును, చిప్పుల సంఖ్యను తగ్గించుటకై తయారీదారులు పైపెట్టెను మార్చకయే లోపలి బోర్డును పలుమార్లు మార్చిరి. కావున పెట్టెపై పేరు చాలదు. బోర్డుపై నచ్చొత్తిన సంఖ్యయే దాని పుట్టుమచ్చ.

1982లో వెలువడిన కమొడోర్ 64ను చూడుడు. దాని బోర్డుపై ‘అసెంబ్లీ’ అను మాట ప్రక్కన సంఖ్య యుండును. 326298 తొలినాటిది, 250469 చివరినాటి చిన్న బోర్డు. మొదటిదానిలో ధ్వని పుట్టించు 6581 చిప్పునకు 12 వోల్టులు కావలెను. రెండవదానిలోని 8580కి 9 వోల్టులే చాలును. రెండింటికిని కాళ్ళు 28. ఒకే సాకెట్టున అమరును. సంఖ్య చూడక క్రొత్తదానిని పాతబోర్డున గ్రుచ్చినచో అది మాడిపోవచ్చును. ఆ అసలు చిప్పుల తయారీ యెన్నడో నిలిచిపోయినది.

అదే యేట వచ్చిన సింక్లెయిర్ స్పెక్ట్రమ్‌లో ఈ సంఖ్యకు ‘ఇష్యూ’ అని పేరు. ఏ మీటయు నొక్కకుండ కీబోర్డును చదివించినచో, సాధారణముగా ఇష్యూ 2 బోర్డు 255 అనియు, ఇష్యూ 3 బోర్డు 191 అనియు బదులిచ్చును. ఈ భేదమువలననే తొలినాటి కొన్ని ఆటలు ఇష్యూ 3పై నడువలేదు.

1984లో ప్రారంభమైన ‘క్లాస్’ పథకమున మన పాఠశాలలకు బి.బి.సి. మైక్రోలు వచ్చినవి. వానిలో తెరపై కనబడు ఓ.ఎస్. సంఖ్య వేరు, బోర్డుపైని ఇష్యూ సంఖ్య వేరు. ఓ.ఎస్. చిప్పును తరువాత నెవరైన మార్చియుండవచ్చును. బోర్డు మాత్రము మారదు.

చిప్పులపై తేదీ గుర్తులును సాక్ష్యమిచ్చును. 8346 అనగా 1983వ సంవత్సరపు 46వ వారము. అది చిప్పు పుట్టిన తేదీ, యంత్రము పుట్టినది కాదు. మరమ్మతు జరుగని బోర్డుపై అన్నిటికంటె క్రొత్త తేదీ యేదియో, యంత్రము దానికి ముందు తయారై యుండదు.

బర్మామైన్స్‌లో 1950 నవంబరు 26న నెహ్రూగారు ప్రారంభించిన జాతీయ లోహ పరిశోధనాలయమున, ఎలెక్ట్రానిక్ వ్యర్థములనుండి లోహములను రాబట్టు విధానములపై పరిశోధనలు జరిగినవి. అది దేశమునకు మేలే. కాని పొడియైన బోర్డు తన సంఖ్యను చెప్పజాలదు. కావున ఇంటి అటకపైనుండి పాత యంత్రమును దింపినవారు తూకమునకు వేయకముందు మూత తెరచి, ఆ సంఖ్యను వ్రాసికొని, ఛాయాచిత్రము తీసి యుంచవలెను. బంగారము మరల దొరకును. పోయిన గుర్తు దొరకదు.