శీతకాలమున పాతమోటారు

ధనుర్మాసపు వేకువను లంబసింగివంటి చలియూళ్లలో పాతమోటారును కదలింప యత్నించినవారికి నా మాటలు అతిశయోక్తులుగా తోచవు. నాయొద్ద నున్నది ఒకరు వాడి విడిచిన అంబాసిడరు. ఆ బండ్ల తయారీ 2014వ సంవత్సరమున నిలిచిపోయినది; విడిభాగములకు పాతసామానుల అంగళ్లే శరణ్యము.

చలికి ఇంజను నూనె చిక్కబడును, బ్యాటరీ బలము తగ్గును, పెట్రోలు చక్కగా ఆవిరికాదు. మూడును ఒక్కమారే పగబట్టినట్లుండును. అట్టితఱి తాళమును అదేపనిగా త్రిప్పుట బ్యాటరీని చంపుటయే. పది సెకండ్లు చూచి అరనిమిషము ఆగవలెను. చోకు మితిమీరి లాగినచో ప్లగ్గులు తడిసి బండి మఱింత మొండికెత్తును. ఇక త్రోయుటకు పొరుగువారిని లేపవలెను. అప్పటి వారి ముఖములను నేను వర్ణింపను.

ఈ బాధలన్నియు ఒక ఎత్తు, అర్ధరాత్రి పురిటినొప్పులని ఎవరో తలుపు తట్టగా, ఆ తొందరలో మూసిన పాకలోనే ఇంజనును వేడిచేయుట ఒక ఎత్తు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు; నిదురవలె వచ్చి ప్రాణము గొనును. పెక్కిండ్ల పాకకును పడకగదికిని నడుమ తడికయే గదా! కావున బండిని రాత్రి ఆరుబయటనే నిలుపుడు. మంచునకు చెడునందురా, ముందుభాగమున గోనెపట్టా కప్పుడు. వేకువను దానిని తీసిన పిమ్మటనే తాళము త్రిప్పుడు.