చౌకలో మేటి ఫోను: పిలుపు వచ్చిందని కొనేయాలా?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఈమధ్య మన ఇళ్ళల్లో ఒక కొత్త రకం తొందర కనబడుతోంది. "అమ్మా, రేపు మధ్యాహ్నం పన్నెండింటికి సేలు. పన్నెండూ ఒక నిమిషానికల్లా సరుకు అయిపోతుంది. కార్డు ఇప్పుడే ఇచ్చి ఉంచు" అని కాలేజీ పిల్లలు వెంటపడతారు. పిల్లలే అననక్కర్లేదు, ఒక్కోసారి ఇంటాయన కూడా అంటారు. ఏమిటా సరుకు అంటే, ఫోను. యాభై, అరవై వేల ఫోనుకుండే హంగులన్నీ సగం ధరకే ఇస్తున్నారట. కాకపోతే మొదటి విడతలో కొద్దిమందికే దొరుకుతుందట. ఆలోచించే వ్యవధి లేదట!

పట్టుచీర కొనేటప్పుడు నాలుగు కొట్లు తిరిగి, అంచు తిప్పి చూసి, వెలుతురులోకి తెచ్చి మరీ కొంటాం. బియ్యం బస్తాకైనా గుప్పెడు నోట్లో వేసుకుని చూస్తాం. ఇరవై వేలు పోసే వస్తువుకు మాత్రం ఒక్క నిమిషంలో ఊఁ అనాలంటే ఎలాగండీ? అందుకని ఈవేళ ఈ చౌక మేటి ఫోను సంగతి కొంచెం నిదానంగా చెప్పుకుందాం. మేటి ఫోను అంటే, ఏ కంపెనీ అయినా ఆ ఏడు తయారుచేసే ఫోన్లన్నింటిలోకీ పెద్దది. పిల్లలు ఫ్లాగ్‌షిప్ అంటారే, అదే.

ఈ పద్ధతికి మన దేశంలో పేరు తెచ్చిన ఫోను ఒకటుంది. వన్‌ప్లస్ అనే చైనా కంపెనీ 2013 డిసెంబరులో పుట్టింది. అయిదు నెలలు తిరక్కుండా, 2014 ఏప్రిల్లో, వన్‌ప్లస్ వన్ అనే ఫోను ప్రకటించింది. 16 జీబీది 299 డాలర్లు, 64 జీబీది 349 డాలర్లు. మన దేశానికి 2014 డిసెంబరు 2న వచ్చింది. అమెజాన్‌లో తప్ప ఇంకెక్కడా దొరకదు. 64 జీబీ ఫోను ధర 21,999 రూపాయలు. అదే ఏడాది శాంసంగ్ గెలాక్సీ ఎస్5 మన దగ్గర 51,500 రూపాయలకు మొదలైంది. ఐఫోన్ 6 అయితే 53,500. ఇంత తేడా ఉన్నా ఈ చౌక ఫోను లోపల చౌక సరుకేమీ లేదు. ఖరీదైన ఫోన్లలో వాడే స్నాప్‌డ్రాగన్ 801 చిప్పు, 3 జీబీ ర్యామ్, అయిదున్నర అంగుళాల తెర, 13 మెగాపిక్సెల్ కెమెరా. అంత ఖరీదైన ఎస్5కు ర్యామ్ 2 జీబీయే.

అయితే డబ్బు పట్టుకుని వెళ్తే ఇచ్చేవారు కాదు. పిలుపు ఉండాలి. బొట్టు పెట్టి పిలిస్తేనే పేరంటానికి వెళ్ళినట్టు, కంపెనీ వారు గాని, అప్పటికే కొన్నవారు గాని ఆహ్వానం పంపితేనే కొనుక్కునే యోగ్యత. పేరంటానికి వెళ్తే శనగలూ తాంబూలమూ అయినా ఇస్తారు. ఇక్కడ పిలుపంటే మన డబ్బు మనం చెల్లించుకోవడానికి అనుమతి, అంతే!

మా వదినగారి అబ్బాయి అప్పుడు ఇంజినీరింగు చదువుతున్నాడు. ఆ పిలుపు కోసం వాడు కాచుకున్న తీరు చూస్తే నాకు మా నాన్నగారు స్కూటరు కోసం ఎదురుచూసిన రోజుల గురించి అమ్మ చెప్పే మాటలు గుర్తొచ్చేవి. బజాజ్ చేతక్‌కు పేరు రాయించుకుంటే ఏళ్ళ తరబడి నిరీక్షణ. గ్యాసు కనెక్షనుకూ అంతే, ఇంటికి టెలిఫోనుకూ అంతే. ఆ రోజుల్లో కొరత నిజమైన కొరత. కర్మాగారాలు చాలవు, లైసెన్సులు చాలవు. మరి ఈ ఫోన్ల కొరత నిజమైనదా, కల్పించిందా?

నన్నడిగితే రెండూ కలిసే ఉన్నాయంటాను. కొత్త కంపెనీ, లాభం అతి స్వల్పంగా వేసుకుని అమ్ముతోంది. లక్ష ఫోన్లు ముందే చేసి పెట్టుకుని అవి అమ్ముడుపోకపోతే మునిగిపోతుంది. ఫోనంటే పచ్చడి కాదు, నిలవుంటే రుచి పెరగడానికి. నెలలు గడిచేకొద్దీ ధర పడిపోయే వస్తువు. అందుకని పిలుపులు లెక్కపెట్టి ఇచ్చి, అందుకు తగ్గట్టే తయారుచేసుకుంటూ పోయింది. అంతవరకు అది గృహిణి లెక్కే, తప్పుపట్టను. ఇంట్లో ఎంతమంది భోంచేస్తారో అడిగి ఎసరు పెట్టినట్టు.

కాని ఆ కొరతనే ప్రచారానికి వాడుకోవడం మొదలయ్యాక తంతు మారింది. 2014లోనే, నూరుగురిని ఎంపిక చేస్తాం, వాళ్ళు తమ పాత ఫోను పగలగొట్టి వీడియో తీసి పంపితే ఒక్క డాలరుకు కొత్తది ఇస్తాం అన్నారు. ఎంపిక కాకముందే లక్షణమైన ఫోన్లు బద్దలుకొట్టుకున్న మహానుభావులూ ఉన్నారు. ఆ తర్వాత ఆగస్టులో ఇంకో ముచ్చట. ఆడవాళ్ళకు ముందు అని పేరుపెట్టి, అమ్మాయిలు కంపెనీ గుర్తు గీసుకుని ఫొటో పెట్టాలి, మిగతావాళ్ళు మెచ్చుకోళ్ళు వేస్తారు, ఎక్కువ మెచ్చుకోళ్ళు వచ్చిన 50 మందికి పిలుపు, ఒక టీషర్టు అన్నారు. చూశారా, ఆడపిల్ల తన ముఖం చూపించుకుంటే ఆమె డబ్బుతో ఆమె ఫోను కొనుక్కోనిస్తారట! అన్ని వైపుల నుంచీ చీవాట్లు పడేసరికి కొన్ని గంటల్లోనే ఆ పోటీ ఎత్తేశారు. ఫోను మంచిదే కావచ్చు. అమ్మే పద్ధతి మనల్ని ఎలా చూస్తోందో కూడా గమనించుకోవాలి కదా.

సరే, ఇంతకీ సగం ధరకు ఎలా ఇవ్వగలిగారు? పిండి కొద్దీ రొట్టె అంటారు. ఇక్కడ పిండి తగ్గలేదు మరి, ఎక్కడ మిగిల్చారు? మొదటిది, దుకాణం లేదు. మన వీధి చివరి కొట్టాయనకు ఇవ్వవలసిన లాభం మిగిలింది. తర్వాత ప్రకటనలు. సినిమా తారలకు ఇచ్చే సొమ్ము ఇవ్వక, కొన్నవాళ్ళ నోటిమాట మీదే నడిపించారు. నిలవ సరుకు లేదు గనక గోదాముల ఖర్చూ తక్కువే. ఇంతవరకూ మనకు లాభమే. కాని దుకాణం లేకపోవడమంటే, ఫోను పాడైతే తీసుకెళ్ళి బల్ల మీద పెట్టి "ఏమయ్యా ఇదీ" అని అడగడానికి మనిషి లేకపోవడం కూడాను. మన ఊళ్ళో సర్వీసు సెంటరు ఉందా, ఉంటే అది కంపెనీ వారిదా, పేరు పెట్టుకున్న ఇంకెవరిదా, ఇది ధర కన్నా ముందు అడగవలసిన ప్రశ్న. హైదరాబాదు, విజయవాడల్లో ఉన్నవారికి సరే. నర్సీపట్నంలోనో, ఆదిలాబాదులోనో ఉన్న చెల్లెలికి కొని పంపేటప్పుడు మరీ ముఖ్యం.

ఇంకొకటి, చౌక ధర ఎల్లకాలం ఉండదు. ఆ కంపెనీనే చూడండి. 2016 జూన్‌లో వన్‌ప్లస్ 3తో పిలుపుల పద్ధతి తీసేశారు, ధర 27,999. 2019లో 7 ప్రో 48,999 నుంచి మొదలైంది. 2024 జనవరిలో వచ్చిన వన్‌ప్లస్ 12 ధర 64,999. మధ్యలో పోకో ఎఫ్1 అని ఇంకో ఫోను 2018 ఆగస్టులో 20,999కి వచ్చి అదే ఆట మళ్ళీ మొదలుపెట్టింది. కాబట్టి మొదటి ధర అనేది గడప దాటి లోపలికి రావడానికి ఇచ్చే రాయితీ. దాన్ని వాడుకోవడంలో తప్పులేదు. కాని ఈ కంపెనీ ఎప్పుడూ మనకు చౌకగానే ఇస్తుందన్న భ్రమతో దాని చార్జర్లూ, గడియారాలూ, చెవి గొట్టాలూ అన్నీ చేర్చుకుంటే, తర్వాతి ఫోనుకు బేరమాడే వీలు మనకుండదు.

ఇప్పుడు మన లెక్క మనం వేసుకుందాం. నేను ఏ వస్తువుకైనా నెలకెంత పడిందని చూస్తాను. 21,999 ఫోను మూడేళ్ళు నడిస్తే నెలకు 611 రూపాయలు. రెండేళ్ళకే మూలపడితే 917. అదే 51,500 ఫోను అయిదేళ్ళు వస్తే నెలకు 858. చూశారా, రెండేళ్ళ చౌక ఫోను కన్నా అయిదేళ్ళ ఖరీదు ఫోనే తక్కువ పడింది! అంటే ధర కన్నా మన్నిక ముఖ్యమన్నమాట. అలాగని ఖరీదైనదే కొనమనడం లేదు. మనలో చాలామందికి కావలసింది వాట్సాపు, యూట్యూబు, యూపీఐ, పిల్లల ఫొటోలు. వీటికి 15,000 ఫోను మూడేళ్ళు వస్తే నెలకు 417. మేటి ఫోను సగం ధరకు వచ్చిందని సంబరపడే ముందు, అసలు మేటి ఫోనుతో మనకు పనేమిటన్నది ఎవరూ అడగరు.

మన్నిక అంటే ఒళ్ళు గట్టిగా ఉండడం ఒక్కటే కాదు. ఫోను లోపలి సాఫ్ట్‌వేరుకు కంపెనీ ఎన్నేళ్ళు మరమ్మతులు పంపుతుందో చూడాలి. అవి ఆగిపోతే దొంగలకు దారి దొరుకుతుంది, కొన్నాళ్ళకు బ్యాంకు యాప్‌లూ పనిచేయడం మానేస్తాయి. వన్‌ప్లస్ వన్‌లో సాఫ్ట్‌వేరు సైనోజెన్ అనే వేరే సంస్థది. మన దేశంలో ఆ సాఫ్ట్‌వేరు హక్కు మాదంటూ మైక్రోమాక్స్ వారు ఢిల్లీ హైకోర్టుకు వెళ్తే, ఫోను వచ్చిన నెలలోనే అమ్మకాలు కొన్నాళ్ళు ఆగాయి. 2016 డిసెంబరు 31తో సైనోజెన్ సేవలే మూతపడ్డాయి. ఫోను ఒళ్ళు బాగానే ఉంది, ప్రాణం పోసేవాడు లేడు. అదే 2024లో వచ్చిన గెలాక్సీ ఎస్ 24కు శాంసంగ్ ఏడేళ్ళ మరమ్మతులు మాట ఇచ్చింది. పిల్లలు కెమెరా గురించి చెప్పినప్పుడు మీరు ఈ ఒక్క ప్రశ్న వేసి చూడండి, "ఎన్నేళ్ళు అప్‌డేట్లు ఇస్తాడురా?" అని. గూగుల్ చేసి వస్తారు పాపం.

వడ్డీ లేని వాయిదాలంటారు, అక్కడా చూపు ఉండాలి. వడ్డీ లేదంటూనే ప్రాసెసింగ్ ఫీజు, ఆ వడ్డీ మీద జీఎస్టీ మన కార్డు బిల్లులో ప్రత్యక్షమవుతాయి. పాతఫోను మార్పిడికి చూపించే మొత్తం కూడా అంతే, గీత పడిందనీ, బాటరీ నీరసించిందనీ ఇంటికొచ్చిన మనిషి తగ్గించేస్తాడు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నది ఊరికే పుట్టలేదు.

సరుకు తక్కువ అనగానే మోసగాళ్ళు చేరతారు. పిలుపులు అమ్ముతామనీ, ముందు వరసలో నిలబెడతామనీ సందేశాలు వస్తాయి. లింకు నొక్కి డబ్బు పంపితే ఆ డబ్బు తిరిగి రాదు. సేలు దొరకలేదని ఎక్కడో ఎవరి దగ్గరో పెట్టె విప్పని ఫోను కొనేవారు దాని ఐఎంఈఐ నంబరు పరీక్షించుకోవాలి. పెట్టె మీద ఉంటుంది, లేదా ఫోనులో *#06# నొక్కితే వస్తుంది. కేవైఎం అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, కాస్త ఖాళీ వదిలి ఆ నంబరు రాసి 14422కు సందేశం పంపితే ఆ ఫోను వివరాలు వస్తాయి. కొట్టేసిన ఫోనో, దొంగ నంబరు ఫోనో అయితే బయటపడుతుంది.

ఆన్‌లైనులో కొన్నాం గనక దిక్కులేదనుకోకండి. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మే సంస్థ ఫిర్యాదుల అధికారిని పెట్టాలి, ఆయన 48 గంటల్లో మన ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అలా జరగకపోతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915 ఉంది. పార్సిలు విప్పేటప్పుడు ఇంట్లో ఒకరిని వీడియో తీయమనండి. బిల్లు మీ పేరుతోనే రాయించుకోండి, ముఖ్యంగా డబ్బు మీదైనప్పుడు.

చివరగా ఇంకో సంగతి. కొత్త ఫోను ఇంటికొచ్చాక పాతది ఎవరికి వస్తుందో నేను చెప్పక్కర్లేదు. "అమ్మకు ఇది చాల్లే" అంటారు. మన బ్యాంకు ఓటీపీలు, గ్యాసు బుకింగు, పిల్లల ఫీజులు, ఊళ్ళో అమ్మకు పంపే డబ్బు అన్నీ అందులోకే వస్తాయి. ఆ పాతఫోనుకు అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయా లేదా చూడండి. రాకపోతే కొత్త ఫోను బడ్జెట్టు వేసేటప్పుడే రెండు ఫోన్ల లెక్క వేయమనండి. 40,000 పెట్టి అబ్బాయికి ఒకటి కొనే బదులు, 22,000కు ఒకటి, 15,000కు మనకొకటి వస్తాయి. ఇంకా 3,000 మిగులుతాయి. అప్‌డేట్లు వస్తూ బాటరీ మాత్రమే నీరసించి ఉంటే, సర్వీసు సెంటరులో కొత్త బాటరీ వేయించుకోండి. ఆ ఖర్చు మాత్రం కొత్త ఫోను పుచ్చుకున్నవారి ఖాతాలో రాయండి.