అద్దములు – ప్రతిబింబములు



మన కర్నూలు, కడప సీమలలో బావులు లోతైనవి. చేద తెగి లోన బడినచో, పాతాళగరిగను దింపుటకు ముందు ఒకరు గట్టుపై నిలిచి, అద్దము పట్టి యెండను బావిలోనికి మరల్చుట మీ రెరిగినదే. దర్పణశాస్త్రమునకు మూలము ఆ చేష్టయందే కలదు. కిరణము అద్దమును ఎంత వాలుగా తాకునో, అంతే వాలుగా రెండవ ప్రక్కకు మరలును. తక్కినదంతయు అద్దముయొక్క ఆకృతినిబట్టి కలుగు భేదమే.

మొదటిది సమతల దర్పణము. మూడడుగుల దూరమున నిలిచినచో మన రూపము అద్దమునకు మూడడుగులు వెనుక నున్నట్లు తోచును. కిరణములు అచ్చటికి పోవుటలేదు. అచ్చటినుండి వచ్చినట్లు కన్పట్టునంతే. కనుక దీనిని మిథ్యాప్రతిబింబ మందురు. పరిమాణము మారదు. నిలువెత్తు రూపము చూచుకొనుటకు మనిషి యెత్తులో సగము అద్దము చాలును.

రెండవది పుటాకార దర్పణము. ఇది లోనికి గుంటపడియుండును. సూర్యకిరణములు దీనిపై బడి, నాభి యను చోట కూడుకొనును. నాభికి లోపల ముఖము నుంచినచో పెద్దదిగా నగపడును. నాభికి ఆవలి వస్తువు తలక్రిందుగా నేర్పడును. ఆ రూపమును కాగితముపై పట్టవచ్చును. తిరుమలలో 2002వ సంవత్సరమున ఇట్టి దర్పణములతో ఆవిరి పుట్టించి అన్నము వండు ఏర్పాటు గావించిరి. అట్టి యద్దమును ఎండలో గడ్డివామి చెంత విడువరాదు.

మూడవది కుంభాకార దర్పణము. ఇది వెలికి ఉబ్బియుండును. ఇందు రూపము ఎల్లప్పుడు నిలువుగను, చిన్నదిగను ఉండును. కాని విశాలమైన ప్రదేశము కనబడును. తోమిన గంటెను చేతబట్టి చూడుడు: లోపలివైపు ముఖము తలక్రిందగును, వీపువైపు నిలువుగా చిన్నదగును.

మోటారుసైకిళ్ల ప్రక్క అద్దములు సాధారణముగా ఈ మూడవ జాతివే. చిన్నదిగా కనబడు వస్తువును మన బుద్ధి దూరముగా నున్నదని యెంచును. కడపనుండి రాయచోటికి పోవు గువ్వలచెరువు కనుమవంటి దారిలో, వెనుకటి లారీ ఇంకను దూరమున నున్నదని తలచి బండిని కుడికి త్రిప్పినవాని గతి యేమి?

కావున పెద్దలారా, బండి నెక్కు మనుమలకు ఈ మాట చెప్పుడు: "నాయనా, అద్దములో చూచిన పిమ్మట, మెడ త్రిప్పి యొకసారి కన్నులార చూచి మరి మలుపుము." అద్దము అబద్ధమాడదు, దాని జాతి నెరుగక మనమే దూరమును తప్పుగా లెక్కింతుము.