ఎరుపు పండిన ఇసుక

ముందుగా మీకో చిన్న పని. మీ బీరువాలో పెడన కలంకారీ దుప్పటి గానీ, చీర గానీ, ఆఖరికి దిండు గలీబు గానీ ఉంటే తెచ్చి ఒళ్ళో పెట్టుకోండి. లేనివాళ్ళు పక్కింట్లో అడగండి. విజయవాడ చుట్టుపక్కల ఆ బట్ట లేని వీధి ఉండదు.

తెచ్చారా? అయితే ముందు తిరగేసి చూడండి. పువ్వులూ తీగలూ వెనక వైపు కాస్త పలచగానైనా కనిపిస్తున్నాయా? కనిపిస్తే రంగు దారంలోకి ఇంకిందన్న మాట. వెనక తెల్లకాగితంలా ఉంటే రంగును పైపైన పూసి వదిలేశారని అనుమానించాలి. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఓసారి ఒక ఎగ్జిబిషన్‌లో 'అసలు సిసలు కలంకారీ' అంటే నమ్మి దుప్పటి కొన్నాను. మొదటి ఉతుకులోనే బకెట్టు నీళ్ళు ఎర్రబడ్డాయి, వాటితోపాటు నా రెండు బనియన్లు కూడా.

కలం అంటే పెన్ను, కారీ అంటే పని. పారశీకులు పెట్టిన పేరు ఇది. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవు నుంచి ఈ బట్టలు పర్షియాకు ఓడల్లో వెళ్ళేవి, పేరు అటునుంచి ఇటు వచ్చింది. కాళహస్తిలో ఇప్పటికీ కలంతోనే గీస్తారు. పెడనలో కలం ఉండదు, టేకు చెక్కలో చెక్కిన అచ్చులుంటాయి. తెలుగులో మనకు ఎప్పటినుంచో ఉన్న మాట అద్దకం. నా మటుకు నాకు ఆ మాటే ఇష్టం, చేసే పని అందులో వినిపిస్తుంది.

ఇప్పుడు బట్టను మంచి వైపు తిప్పండి. ఎరుపు గురించి చెప్పబోతున్నాను గానీ, మీరు చూడాల్సింది తెలుపు. పువ్వుకూ పువ్వుకూ మధ్య ఖాళీ జాగా శుభ్రంగా ఉందా, లేక లేత గులాబీ మసక ఏమైనా పట్టిందా?

ఎందుకు చూడమంటున్నానో చెబుతాను. అద్దేవాడు ఎర్రరంగును ఎర్రగా అద్దడు. ముందు గుడ్డను కరక్కాయ నీళ్ళలో నానబెట్టి ఆరేస్తారు. పాత ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో కొన్నాళ్ళు పులియబెడితే వచ్చే కషాయంతో అచ్చు వేస్తే, అది కరక్కాయ వగరుతో కలిసి నల్లబడుతుంది. అవే మీరు చూస్తున్న నల్లటి గీతలు. ఎరుపు రావాల్సిన చోట అద్దేది పటిక నీళ్ళు. ఆ తరువాత గుడ్డను పారే నీటిలో బాగా జాడించి, రంగు వేసిన కాగులో ఉడికిస్తారు. గుడ్డంతా రంగులో మునిగినా, పటిక అంటిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. మిగతా చోట అంటిన లేత రంగు ఎండకీ ఉతుకులకీ పోతుంది.

ఆ జాడింపు దగ్గరే ఉంది కిటుకంతా. అంటకుండా మిగిలిన పటికను ప్రవాహం లాక్కుపోవాలి. నిలవ నీటిలో జాడిస్తే అదే పటిక వెళ్ళి తెల్లచోట కూర్చుంటుంది, కాగులో పడగానే అక్కడా ఎరుపే. అందుకే అద్దకందారుకు కాలువ కావాలి. మీ ఒళ్ళో ఉన్న బట్టలో తెలుపు తేటగా ఉందంటే, అద్దిన చెయ్యి ఎంత మంచిదో ఆ రోజు నీళ్ళు కూడా అంత మంచివి. బొమ్మను మెచ్చుకునేటప్పుడు నీటిని కూడా మెచ్చుకోవాల్సిన కళ ఇది.

ఇక ఎరుపు. తాంబూలం సంగతి మీకు తెలిసిందే. ఆకు పచ్చన, వక్క గోధుమరంగు, సున్నం తెల్లన. వీటిలో ఏదీ ఎర్రగా ఉండదు, నోట్లో కలిస్తే మాత్రం పండుతుంది. బట్ట మీది ఎరుపు రసాయనం వేరు గానీ తీరు మాత్రం అలాంటిదే. దీనికీ మూడు కావాలి. ఒకటి పటిక. రెండోది ఎలిజరిన్ అనే రంగు పదార్థమున్న వేరు. మూడోది సున్నంలో ఉండే కాల్షియం. ఈ మూడోది చాలకపోతే ఎరుపు వస్తుంది గానీ కళ ఉండదు, ఇటికపొడిలా ఉంటుంది.

మన తీరంలో ఆ వేరు పేరు చిరువేరు. నేలబారుగా పెరిగే చిన్న మొక్క, చిన్న తెల్లపూలు, ఇసుకలోకి దిగిపోయే సన్నని వేరు. దారిలో కనిపిస్తే కలుపు అనుకుని దాటిపోతాం. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1795లో అచ్చయిన తన కోరమండల్ మొక్కల పుస్తకంలో దీని బొమ్మ వేయించి, తెలుగు పేరు రాసి, దాంతో రంగు ఎలా వేస్తారో కూడా వివరించాడు. అంతకు చాలా ముందే, 1626లో అచ్చయిన విలియం మెత్‌వోల్డ్ గోల్కొండ రాజ్య వర్ణనలో పెటపోలి పేరూ ఈ రంగు వేరు ప్రస్తావనా ఉన్నాయి. పెటపోలి అంటే మన నిజాంపట్నమే. పెదపల్లె అన్న పేరు తెల్లవాళ్ళ నోట్లో పడి అలా తయారైంది.

మరి నిజాంపట్నం, మచిలీపట్నం ఇసుకకు ఏమిటంత ప్రత్యేకత? కృష్ణమ్మ వేల ఏళ్ళుగా మట్టి తెచ్చి పోస్తూ సముద్రాన్ని వెనక్కి నెట్టుకుంటూ వచ్చింది. ఒకప్పటి తీరరేఖలు ఇప్పుడు ఊళ్ళ మధ్య ఇసుక మెరకలుగా మిగిలాయి. ఆ ఇసుకలో గుల్లలు, ఆల్చిప్పల తునకలు కలిసి ఉంటాయి. మన తాతలు గుల్లలు కాల్చి గుల్ల సున్నం చేసి ఇళ్ళకు పూసుకున్నది వాటితోనే కదా. అలాంటి నేలలో పెరిగిన చిరువేరు ఆ కాల్షియాన్ని తనలో నింపుకుంటుంది. అంటే తాంబూలంలో సున్నం లాగా మూడో దినుసు వేరులోనే వచ్చేసిందన్న మాట. కోరమండల్ ఎరుపుకు అంత పేరెందుకొచ్చిందని వెతికిన కళాచరిత్రకారులు చివరికి భూమి పుస్తకం తిరగేయాల్సి వచ్చింది.

ప్రయోగశాలల్లో ఇప్పుడు జరుగుతున్నది కూడా ఇలాంటి వెతుకులాటే. పాత గుడ్డ నుంచి కొన్ని మిల్లీమీటర్ల దారపుపోగు తీసి, రంగును కరిగించి, క్రొమటోగ్రఫీ యంత్రంలో దేనికది విడదీస్తారు. ఎరుపునిచ్చే మరో వేరైన ఐరోపా మంజిష్ఠలో ఎలిజరిన్‌తో పాటు పర్‌ప్యూరిన్ అనే మరో పదార్థం ఉంటుంది. మన దేశపు మంజిష్ఠలోనూ పర్‌ప్యూరిన్ ఎక్కువ. చిరువేరులో అది కనిపించదు. సంతకం లేని గుడ్డకు చిరువేరే సంతకం పెట్టింది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో 1640 ప్రాంతపు గోల్కొండ రుమాళ్ళున్నాయి, వాటి మీద దొరలూ దొరసానులూ పూలచెట్ల మధ్య కూర్చుని ఉంటారు. అలాంటి వాటిని చూసేటప్పుడు నేనయితే మొదట నల్లగీతల కోసం వెతుకుతాను. ఆ ఇనుప నలుపు కాలం గడిచిన కొద్దీ గుడ్డనే తినేస్తుంది. పాత అద్దకాల్లో ఎరుపు నిలిచి, దాని చుట్టూ గీత ఉండాల్సిన చోట దారం చిరిగిపోయి ఉంటుంది.

ఈ బట్టల మోజు ఎంత దూరం పోయిందంటే, తమ నేతగాళ్ళు మునిగిపోతున్నారని ఫ్రాన్సు 1686లో అద్దకపు బట్టలను నిషేధించింది. 1759 దాకా ఆ నిషేధం ఎత్తలేదు. ఇంగ్లండు కూడా 1721లో వాడకాన్నే అడ్డుకుంది. ఇటు మచిలీపట్నాన్ని 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన ముంచి, దాదాపు 30 వేల మందిని మింగింది. అయిదేళ్ళకు, 1869లో, ఎలిజరిన్‌ను తారు నుంచి తయారుచేసే పద్ధతికి జర్మనీ, ఇంగ్లండు వాళ్ళు ఒక్క రోజు తేడాతో పేటెంటుకు దరఖాస్తు పెట్టుకున్నారు. ఇసుకలో వేరు తవ్వే అవసరం అప్పటినుంచి తగ్గుతూ వచ్చింది.

కాబట్టి మీ ఒళ్ళో ఉన్న ఎరుపు చాలామటుకు చిరువేరుది కాకపోవచ్చు. పెడనలోనూ ఎలిజరిన్ పొడి ఏనాడో చేరింది. దాన్ని మోసం అనను. పటిక అదే, కరక్కాయ అదే, అచ్చు అదే, జాడింపూ అదే. 'అంతా ప్రకృతి రంగులే' అని అంటించే చీటీ మీదే నాకు పేచీ. ఇక ఆ ఇసుకంటారా, మెరకలు కొన్ని ఊళ్ళయ్యాయి, పల్లపు భూములు చాలాచోట్ల రొయ్యల చెరువులయ్యాయి. పైన నాగార్జునసాగర్, శ్రీశైలం కట్టాక నది తెచ్చే మట్టి బాగా తగ్గిపోయింది. ఒకప్పుడు సముద్రాన్ని నెట్టిన నేలను ఇప్పుడు కొన్నిచోట్ల సముద్రమే కోసుకుపోతోంది.

బట్ట మడిచే ముందు ఇంకొక్క మాట. ఈసారి సూర్యలంక వెళ్ళినప్పుడు ఒడ్డున దొరికే గుల్ల ముక్కలు నాలుగు తెచ్చుకోండి. రాయితో దంచి, పొడి మీద నిమ్మకాయ పిండి, చెవి దగ్గర పెట్టుకోండి. సన్నగా బుసబుసమంటుంది.